ఉద్దానం గడపల్లో 36 ఏళ్లు: ఒక నర్సమ్మ అనుభవ పాఠాలు

నేను 1976లో ఏఎన్‌ఎంగా చేరి, 2012లో సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లోనే గడిచింది. సముద్రం పక్కన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉండే నేల మాది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఆ పేరు చెబితే బయటివాళ్లకు తోటలు గుర్తుకురావు, కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది.

మా ఊరి విలేజ్ క్లినిక్‌లో ఈమధ్య చేరిన అమ్మాయి సాయంత్రాలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటుంది. ఒకరోజు చాలా బాధపడుతూ అడిగింది: "మేడమ్, మా దగ్గర మందులూ ఊరికే, పరీక్షలూ ఊరికే. అయినా అప్పు చేసి మరీ ప్రైవేటుకే పోతారెందుకు?" అప్పటికి తోచిందేదో చెప్పి పంపాను. ఆ జవాబు సరిపోలేదని రాత్రంతా అనిపిస్తూనే ఉంది. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నాను.

1. ఊరికే ఇచ్చే మందుకూ ఖర్చుంటుంది

పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలంటే ముందు ఆటో దొరకాలి. అక్కడ ఓపీ చీటీ, వరస, డాక్టరుగారు, మందుల కిటికీ, మళ్లీ ఆటో కోసం ఎదురుచూపు. పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడమనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. చంటిబిడ్డ ఉంటే తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఇవన్నీ కలుపుకుంటే, ఊళ్లోనే యాభయ్యో వందో తీసుకుని సూదేసే ఆర్‌ఎంపీ చవక.

ఆయన పొద్దున్న ఆరింటికీ ఉంటాడు, రాత్రి పదింటికీ ఉంటాడు. చేతిలో డబ్బు లేకపోతే జీడిపిక్కలు అమ్మాక ఇమ్మంటాడు. నా ఉద్యోగంలో ఆర్‌ఎంపీల మీద ఎన్నో రిపోర్టులు రాశాను. చదువులేని వైద్యం ప్రమాదమని ఇప్పటికీ అంటాను. కానీ అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఆ తల్లి ప్రభుత్వమా ప్రైవేటా అని ఆలోచించదు. తలుపు తీసేదెవరో చూస్తుంది.

డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 5,000 మందికి ఒక సబ్‌సెంటర్; కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి, 3,000 మందికి ఒక్కొక్కటి అని లెక్క పెట్టుకున్నాం. ఆ లెక్కలో జనాభా ఉంది. జబ్బు ఏ వేళకు వస్తుందన్నది లేదు. తర్వాత కొన్ని పీహెచ్‌సీలను 24 గంటలవిగా మార్చి, రాత్రిళ్లు స్టాఫ్ నర్సులను ఉంచారు. అది పెద్ద మేలు. అప్పటికే రెండు తరాల జనానికి రాత్రి పూట ఆర్‌ఎంపీ ఇంటి దారి అలవాటైపోయింది.

2. నొప్పి తగ్గించినవాడే దేవుడు

కొబ్బరి చెట్లెక్కి కాయ దింపే మనిషి ఒకాయన ఉండేవాడు. నడుము నొప్పని వారానికోసారి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేవాడు. వద్దని చెప్పబోతే నామీదే కోప్పడ్డాడు. "ఏటి నర్సమ్మా, నువ్విచ్చిన మాత్ర మింగితే మూడ్రోజులు మంచం మీదుండాల. ఆయన సూదేస్తే రేపొద్దున్నే సెట్టెక్కుతాను. నా ఇల్లు నువ్వు గడిపెడతావేటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు తిరగకుండానే ఆయన కాళ్లు వాచాయి, అన్నం సయించడం మానేసింది. ఒడిశాలోని బరంపురం తీసుకెళ్లి ప్రైవేటు ల్యాబులో రక్తం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎనిమిది దాటింది.

మా ప్రాంతంలో చదువురాని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. సంతలో కలిసిన ఆడవాళ్లు ధరలు చెప్పుకున్నట్టు "మీ ఆయనకెంతుంది?" అని అడుగుతారు. 1.2 దాటితే ఇల్లంతా దిగులు. ఇంకో దారుణమేమిటంటే, ఆ అంకె పెరిగేసరికే కిడ్నీల పని సగం దాకా పోయి ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందో ఎందరో పరిశోధకులు వచ్చి చూశారు. నీళ్లన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. దెబ్బతిన్న కిడ్నీని నొప్పి మందులు మరింత పాడుచేస్తాయన్నది మాత్రం తేలిన సంగతే.

తప్పు ఆర్‌ఎంపీదేనని చెప్పి నేను తప్పుకోలేను. చాలా ఏళ్లపాటు మా పీహెచ్‌సీలో క్రియాటినిన్ పరీక్షే లేదు. నడుము నొప్పని వచ్చినవాడికి, ఏం పని చేస్తావు, ఎంతసేపు ఎండలో ఉంటావు, నీళ్లెన్ని తాగుతావు అని అడిగే తీరిక మాకు ఉండేది కాదు. ఆ నొప్పికి మేం ఏ దారీ చూపలేదు గనుకే ఆయన సూది దగ్గరికి పోయాడు. ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది. భార్య ఇప్పటికీ ఆర్‌ఎంపీని పల్లెత్తు మాట అనదు. "నొప్పి తగ్గించినోడు ఆయనొక్కడే గదమ్మా" అంటుంది.

3. ఎవరూ పిలవని చోటికి ఎవరు వెళ్తారు?

ఒంట్లో బాగున్నవాడు ఏ క్లినిక్కుకూ వెళ్లడు. వాడి దగ్గరికి వెళ్లేవాళ్లకు ఫీజు ఇచ్చేవాళ్లూ ఉండరు. గర్భిణిని మూడో నెలలోనే పుస్తకంలోకి ఎక్కించడం, బావిలో బ్లీచింగ్ కలపడం, టీకా ఐస్ పెట్టెను భుజాన వేసుకుని ఇసకలో మత్స్యకారుల వాడలకు నడవడం, దగ్గుతున్న ముసలాయన కళ్లె డబ్బా తీసుకుని పరీక్షకు పంపడం, ఇవన్నీ అలాంటి పనులే. నా 36 ఏళ్లలో ఈ పనుల కోసం ఏ ప్రైవేటు వైద్యుడూ మా ఊళ్లోకి రాలేదు. రాలేదని నిందించను. ఆయన బతుకుతెరువు అందులో లేదు.

1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు వేటకెళ్లే పడవల వేళలు కనుక్కుని, తెల్లారకముందే ఒడ్డుకు చేరేవాళ్లం. వాక్సిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. ఐస్ కరిగిపోతుందేమోనన్న భయంతోనే రోజంతా గడిచేది. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకు వచ్చినదే దేశంలో చివరి పోలియో కేసు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా మనకు ధ్రువపత్రం వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో లేను. ఆ వార్త టీవీలో విని, పాత వాక్సిన్ క్యారియర్ మోసిన భుజాన్ని తడుముకున్నాను. పోలియోతో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచిన పిల్లలను నేను నా కళ్లతో చూశాను. ఇప్పటి తల్లులకు ఆ జబ్బు పేరు తెలుసు గానీ ఆ నడక తెలియదు.

క్షయ సంగతీ ఇదే. ఆరు నెలలు మాత్రలు వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, మనిషి మాత్రలు మానేస్తాడు. ప్రైవేటులో చూపించుకున్నవాడు మళ్లీ రాకపోతే డాక్టరుకు ఒక పేషెంటు తగ్గినట్టు, అంతే. మాకు అలా కుదరదు, ఇంటికి వెళ్లి వెతకాలి. ప్రైవేటు డాక్టర్లు కూడా క్షయ కేసులను ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లో నిబంధన పెట్టింది అందుకే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తోటలన్నిటినీ నేలమట్టం చేసింది. కరెంటు లేదు, బావుల నిండా ఆకులు, కొమ్మలు. బజారులో ఒక్క క్లినిక్కూ తెరవలేదు, అవి నడిపేవాళ్ల ఇళ్లూ కూలాయి. రిటైరై ఆరేళ్లయినా నేనూ బయల్దేరాను. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు తమ ఇంటి పైకప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చని బ్లీచింగ్ సంచులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పట్టుకుని తిరగడం చూశాను. మా వీధిలో ఆ తర్వాత అతిసారం రాలేదు. రాని జబ్బుకు ఎవరికీ ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అది ముందే తెలుసుకుని రావాలి.

4. గాయం చేసింది మందు కాదు, మాట

నేను ఉద్యోగంలో చేరింది ఎమర్జెన్సీ రోజుల్లో. నాకు నేర్పిన మొదటి పని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకురావడం. నెలకింతమంది అని టార్గెట్. తేలేకపోతే జీతం ఆపేస్తామనేవారు. ఇరవై రెండేళ్ల పిల్లనైన నేను, ఇద్దరు బిడ్డల తల్లులను బతిమాలాను, కొందరిని భయపెట్టాను కూడా. ఒకామె ఆపరేషనయ్యాక జ్వరంతో పది రోజులు పడుకుంది. ఆ ఇంటి గడప ఎక్కడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పాల్సిందేనని చెబుతున్నాను. నర్సమ్మ జీపు కనబడితే మగవాళ్లు తోటల్లోకి పారిపోయిన కాలమది. టార్గెట్ల పద్ధతిని 1996 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఇరవై ఏళ్లు పేరుకున్న భయం ఒక్క ఉత్తర్వుతో పోలేదు.

ఆ తర్వాత కూడా మా మాట తీరు మారలేదు. పురిటి నొప్పులతో అరుస్తున్న పిల్లను "అప్పుడు తెలీలేదా?" అన్న మాటలు లేబర్ రూముల్లో నేను విన్నాను. "ఏయ్, అటు పో", "చెప్తే అర్థం కాదా" అన్న మాటలు ఓపీ వరసలో రోజూ వినబడేవి. అదే మనిషి పట్నంలో నర్సింగ్ హోముకు వెళ్తే, "కూర్చోండమ్మా, పేరేంటి?" అని అడుగుతారు. ఆ పలకరింపు ఖరీదు బిల్లులో ఉంటుందని ఆమెకూ తెలుసు. తెలిసే కడుతుంది. పేదవాడు మర్యాదకు డబ్బు పెడుతున్నాడంటే అది వాడి అమాయకత్వమని నేననుకోను.

5. ఒకే డాక్టరు, రెండు వేళలు

పొద్దున పీహెచ్‌సీలో రెండు నిమిషాల్లో చీటీ రాసే డాక్టరే సాయంత్రం సొంత క్లినిక్‌లో స్టెతస్కోపు పెట్టి, నాలుక చూసి, ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతాడు. మనిషి ఒకడే. ఇది నా కళ్లకే కనిపించిందనుకున్నాను. తర్వాత మా అబ్బాయి ఒక పరిశోధన సంగతి చదివి వినిపించాడు. జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ తదితరులు మధ్యప్రదేశ్ పల్లెల్లో, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులను రోగుల్లా డాక్టర్ల దగ్గరికి పంపించారట. ఒకరికి గుండెనొప్పి, ఒకరికి ఉబ్బసం, ఇంకొకరు ఇంట్లో బిడ్డకు రక్తవిరేచనాలని చెప్పాలి. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రైవేటులో చదువు తక్కువవాళ్లే ఎక్కువైనా, రోగిని చూడడంలో ఎక్కువ శ్రద్ధ పెట్టారు. అదే ప్రభుత్వ డాక్టరు తన సొంత ప్రాక్టీసులో మరింత ఓపికగా చూశాడు. అక్కర్లేని మందులు రాయడం మాత్రం రెండు చోట్లా ఉంది.

వింటుంటే నాకు కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. రోజుకు వందమంది వచ్చే ఓపీలో ఒక్క డాక్టరు, మీటింగులు, రిజిస్టర్లు, వీఐపీ డ్యూటీలు, ఇవన్నీ నిజమే. వాటితో పాటు, సరిగ్గా చూసినా చూడకపోయినా ప్రభుత్వంలో అడిగేవాడు లేడన్నదీ నిజమే. మా దగ్గర పనిచేసిన డాక్టర్లలో ముగ్గురు నలుగురు మాత్రం ఎవరూ అడగకుండానే పొద్దుపోయేదాకా ఉండేవారు. వాళ్లున్న ఏడాది ఓపీ రెట్టింపయ్యేది. బదిలీ అయిన మరుసటి నెలే మళ్లీ పడిపోయేది. జనానికి డాక్టరు కావాలి. బోర్డు మీద ఏం రాసుందో చూడరు.

6. కోతలు

మొదటి పదేళ్లూ కాన్పులు ఇళ్లలోనే. లాంతరు వెలుతురు, మరిగించిన బ్లేడు, మంత్రసాని, నేను. 1984లో వర్షాకాలం ఒక రాత్రి నా చేతుల మీద ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే పెళ్లయి 2008లో కడుపుతో మళ్లీ మా ఊరికి వచ్చింది. నెలనెలా నేనే చూశాను. బిడ్డ తల కిందికే ఉంది, బీపీ బాగుంది, రక్తం బాగుంది. తొమ్మిదో నెలలో అత్తవారు పట్నంలో ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లారు. ఉమ్మనీరు తగ్గిందన్నారు, వెంటనే ఆపరేషన్ చేశారు. నిజంగా తగ్గిందో లేదో చెప్పడానికి నేనక్కడ లేను. రెండో కాన్పుకు కారణం అడగాల్సిన పనే లేకపోయింది. మొదటిది కోత గనుక ఇదీ కోతే అన్నారు. నలభై ఏళ్లు రాకముందే ఆ పిల్ల నడుం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రులను విడిగా చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 81.5. ప్రభుత్వాస్పత్రుల్లో వరుసగా 26.6, 44.5. ప్రభుత్వాస్పత్రులూ చేతులు కడుక్కోలేవని ఆ చివరి అంకె చెబుతోంది. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే కుటుంబాలు, నొప్పులు ఓర్చుకోలేమనే పిల్లలు కూడా ఇందులో భాగమే. కానీ పది గంటలు పక్కన కూర్చుని నడుము నిమిరే మనిషిని ఇవ్వకుండా, ఓర్చుకోమని ఎలా చెబుతాం? తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ కలిసి చేసిన పని అది. ఆ వార్త చదివినప్పుడు నాకు మంత్రసానులు గుర్తొచ్చారు. వాళ్ల ఓపికను పక్కన పెట్టేసి, వాళ్ల అశుభ్రతను మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

అలాగని ఆపరేషన్ వద్దనే మాట నా నోట రాదు. తొంభైల్లో ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. జీపులో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. ఆడవాళ్ల డాక్టరమ్మ ఉన్నారు, మత్తు డాక్టరు సెలవులో ఉన్నారు, రక్తం లేదు. అక్కణ్నుంచి బరంపురం వెళ్లమన్నారు. దారిలో ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడింది. ఒక ఆస్పత్రికి డాక్టరమ్మను, మత్తు డాక్టరును, పిల్లల డాక్టరును ముగ్గురినీ కలిపి ఇవ్వకపోతే, వేర్వేరుగా ఎందరినిచ్చినా లాభం లేదు. మూడుకాళ్ల పీటకు రెండు కాళ్లే ఉన్నట్టు. 108 వచ్చాక ఇలాంటి ప్రయాణాల్లో చావులు తగ్గాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ బండి మా పల్లెల్లోకి వచ్చిన తొలినాళ్లలో, సైరన్ విని జనం వీధుల్లోకి వచ్చి చూసేవారు.

7. ప్రభుత్వం డబ్బు, ప్రైవేటు కత్తి

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. అనంతపురం, మహబూబ్‌నగర్, మూడోది మాదే. గుండెలో చిల్లుతో పెదాలు నీలంగా ఉండే పిల్లలు ఆపరేషన్ చేయించుకుని వచ్చి బడికి వెళ్లడం చూశాను. అలాంటి బిడ్డకు అంతకుముందు మేం చేయగలిగింది ఏమీ లేదు. ఆ పథకాన్ని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఊరుకోను.

ఊరుకోలేని ఇంకో సంగతి కూడా ఉంది. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ల ఆడవాళ్లు వరసగా "సంచి తీయించేసుకున్నానమ్మా" అని చెప్పడం మొదలుపెట్టారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, పుండుంది, వదిలేస్తే క్యాన్సరవుతుందని భయపెట్టారట. తీసుకెళ్లిన ఆర్‌ఎంపీకి కమీషన్ ముట్టిందని ఊళ్లో అందరికీ తెలుసు. మాత్రలతో తగ్గే జబ్బుకు గర్భసంచి పోయింది. ఆ తర్వాత ఎముకల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, దిగులు. ఈ గొడవ పెద్దదయ్యాకే ఆ ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వాస్పత్రులకు పరిమితం చేశారు. గర్భసంచి తీసివేతలు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. పథకం పేదవాడి జేబును కాపాడింది. ఒంటిని కాపాడే పని మిగిలిపోయింది. బిల్లు కట్టేవాడు ప్రతి కోతకూ కారణం అడగాలి, ఆ అడగడం కూడా ఆపరేషన్‌కు ముందే జరగాలి.

ఇంకొకటి. ఆ పథకం ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. బీపీకి, షుగరుకు నెలనెలా కొనే మాత్రల దగ్గర పేదవాడు ఒంటరే. ఆ మాత్రలు పీహెచ్‌సీలో తప్పకుండా దొరికిన రోజున సగం గుండె ఆపరేషన్ల అవసరం రాదని నా నమ్మకం. 2017-18 జాతీయ నమూనా సర్వేలో పల్లెవాసి ఒకసారి ఆస్పత్రిలో చేరితే సగటు వైద్య ఖర్చు ప్రభుత్వంలో 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు అని తేలింది. ఊరికే అనుకునే చోట కూడా నాలుగు వేలు. మందుల చీటీ బయటికి రాసినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది.

8. ప్రైవేటు అంటే ఒకటే జాతి కాదు

సోంపేటలో ఆరోగ్యవరం కంటి ఆస్పత్రి ఉంది. కెనడా మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడ ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆయన పని గురించి విని కెనడాలో కొందరు కలిసి 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పెట్టారు. మా నాన్నగారి తరంలో కంటి శుక్లాలంటే సోంపేట పేరే చెప్పేవారు. అదీ ప్రైవేటే. లాభం కోసం కాక నిలబడిన ఆస్పత్రిని, పూటకో బిల్లు రాసే నర్సింగ్ హోమును, గోతం సంచిలో సెలైన్ సీసాలు మోసుకొచ్చే ఆర్‌ఎంపీని ఒకే మాటతో పిలిస్తే లెక్క తప్పుతుంది.

9. పాము కాటుకు

జీడితోటల్లో రాత్రి నీళ్లు కట్టేవాళ్లకు, పిక్కలు ఏరేవాళ్లకు పాము కాటు ఎప్పుడూ ఉన్న భయమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే. చిన్న నర్సింగ్ హోములు చాలావరకు ఇలాంటి కేసును గేటు దగ్గరే పంపించేస్తాయి. మనిషి తమ మంచం మీద పోతే పేరు పోతుందని భయం. పీహెచ్‌సీకి అలా పంపించే వీలు లేదు. ఒక గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డ కట్టిందా లేదా అన్నదే రక్తపింజర కాటును చాలావరకు పట్టిచ్చే పరీక్ష. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. పసరు పోయించుకుంటూ కూర్చున్న గంటలు మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. మందు ఫ్రిజ్‌లో ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో డ్యూటీలోకి వచ్చినవాళ్లు ప్రతిరోజూ చూసుకోవాలి.

10. మూడో నెల

మా అక్క భర్త, బావగారికి 2004లో కిడ్నీ జబ్బు బయటపడింది. అప్పుడు మా దగ్గర డయాలసిస్ ఎక్కడిది? విశాఖపట్నం పోవాలి. రైలు, ఆటో, నాలుగు గంటలు మిషన్ మీద, మళ్లీ రైలు. వారానికి రెండుసార్లు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేసేవారు, మర్యాదగా చూసేవారు, మంచి డాక్టరు. అక్కడ మాకు అన్యాయమేమీ జరగలేదు. మొదటి నెల అక్క గాజులు, రెండో నెల ఎకరం తోట. మూడో నెల నుంచి బావగారు వారానికి ఒక్కసారే వెళ్లడం మొదలుపెట్టారు. ఒంట్లో తేలిగ్గా ఉంది, డాక్టరుగారే తగ్గించమన్నారని మాతో చెప్పారు. నేను ఆరోగ్య శాఖలో ఉండి కూడా నమ్మాను. మిగిలిన తోట పిల్లలకు ఉండాలని ఆయన అలా చేశారని పోయాక తెలిసింది. ఆయన రాని వారాల్లో ఆ ఆస్పత్రి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. చేయాల్సిన పని వాళ్లది కాదు మరి. అది ఎవరి పని అన్నదే అప్పట్నుంచీ నన్ను వదలని ప్రశ్న.

ఇప్పుడు సోంపేటలో, పలాసలో, చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి తాగునీరు పైపుల్లో వస్తోంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. కొన్ని చోట్ల గది ప్రభుత్వానిది, మిషన్లు నడిపేది ప్రైవేటు సంస్థ, డబ్బు కట్టేది పథకం. అక్క డయాలసిస్ కేంద్రం ముందు నుంచి బస్సులో వెళ్లేటప్పుడల్లా కిటికీ వైపు చూడదు.

మొన్న మంగళవారం క్లినిక్ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. బీపీ చూసింది, క్రియాటినిన్ కోసం నా రక్తం కూడా తీసుకుంది. సూది గుచ్చేటప్పుడు "కొంచెం చురుక్కుమంటుందమ్మా" అంది. సీసా మీద పేరు రాస్తుంటే, ఇంకా ఎన్ని ఇళ్లున్నాయని అడిగాను.

"ఒక్కటే మేడమ్. చెరువు గట్టవతల పెద్దాయన. రెండుసార్లు కబురు పెట్టాను, రానన్నాడు. ఆ తోటలో దారి నాకు తెలీదు."

గొడుగు తీసుకుని ఆ పిల్లతో పాటు బయల్దేరాను.